మా తాత కారు: దయ, హక్కు

మా పెదనాన్న కొడుకు హైదరాబాదులో ఉంటాడు. నవీపేటలో మా పాత ఇంటి పక్క కొట్టంలో ఏళ్ళ తరబడి కదలకుండా పడివున్న అంబాసిడర్ కారును బాగుచేయించి పాతబళ్ళ ప్రదర్శనకు పెట్టాలని ఆమధ్య అతనికి బుద్ధి పుట్టింది. ప్రదర్శనలో కారు పక్కన ఒక అట్ట నిలబెడతారట. దాని మీద కారు చరిత్ర ఒక పేజీకి మించకుండా ఉండాలట. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి ఆ పేజీ రాసే పని నామీద పెట్టాడు. రెండు గంటల పని అనుకున్నాను. నాలుగు నెలలైనా పూర్తి కాలేదు. ఎందుకు కాలేదని ఆలోచిస్తే, ఇది నా ఒక్కడి సోమరితనానికి సంబంధించిన విషయం కాదనీ, సమానత్వాన్ని గురించి పాఠాలు చెప్పే మనవంటి వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న ఇందులో ఉన్నదనీ తోచింది.

ప్రశ్న చాలా చిన్నది. ఒక వస్తువు పదిమందికీ ఉపయోగపడినంత మాత్రాన అది పదిమందిదీ అవుతుందా?

ముందు మా ఇంట్లో చెప్పుకునే చరిత్ర చెబుతాను. కారు 1972లో తయారయింది. మార్క్ టు అంటారు. నల్లరంగు. స్టీరింగు పక్కనే గేరు, ముందర ఒకే పొడుగు సీటు. ముందర ముగ్గురు, వెనక నలుగురు, పిల్లలు లెక్కలోకి రారు. మా తాత దాన్ని 1981లో పాతబండిగా కొన్నాడు. బోధన్ దిక్కున మాకు చెరకు ఉండేది. రెండు పంటల డబ్బు దానికి పెట్టాడంటారు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళూ, 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఈ ప్రాంతంలో ఒక కొత్తరకం రైతును తయారుచేశాయి. జొన్నచేను మీద బతికే రైతుకు కారు కల కూడా రాదు. చెరకు రైతుకు, అదీ పొలం బాగా ఉన్నవాడికి, వచ్చింది.

వేసవిలో పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి నిలిచిపోయేది. పంపు మీద తడిగుడ్డ కప్పి, అది చల్లబడేదాకా చింతచెట్టు కింద కూర్చునేవాళ్ళం. ఆ చింతచెట్టు నీడ నాకు ఇప్పటికీ ఇష్టం. చిన్నప్పటి వస్తువు మీద మమకారం ఉండడం నేరమని నేననుకోను. కాని చరిత్ర రాసేటప్పుడు ఆ మమకారాన్ని ఒక పక్కన కూర్చోబెట్టాలి.

ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా నిజామాబాదు ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ కారేనని మా ఇంట్లో చెబుతారు. పెళ్ళికూతుళ్ళందరూ అత్తవారింటికి వెళ్ళింది దాంట్లోనే. తాత ఏనాడూ ఒక్కరి దగ్గర కిరాయి ముట్టలేదు. ఒక ఎన్నికల్లో దానికి ఎర్రజెండా కట్టారన్న సంగతి గర్వంగా చెప్పుకుంటారు. తర్వాతి ఎన్నికల్లో ఇంకో జెండా కట్టిన సంగతి అంత గట్టిగా చెప్పరు. మా నాయనమ్మ దాన్ని ‘ఊరందరి కారు’ అనేది. అట్ట మీద శీర్షికగా ఆ మాటే పెట్టమని మా అన్న సలహా.

నమూనాకు ఉంటుందని అతనొక ఫోటో కూడా పంపాడు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న అతని బావమరిది అక్కడి ఒక మ్యూజియంలో తీసినది. అందులో ఉన్నది తూర్పు జర్మనీ వారి ట్రబాంట్ కారు. ఫోటో కింద మా అన్న నవ్వు బొమ్మలు వరసగా పెట్టాడు. ఆ నవ్వు దగ్గర నా పెన్ను మొదటిసారి ఆగింది.

ఈ రెండు కార్లూ దాదాపు ఒక ఈడువి. ట్రబాంట్ ఉత్పత్తి జ్వికావ్ పట్టణంలో 1957 నవంబరులో, అక్టోబరు విప్లవానికి నలభయ్యేళ్ళు నిండిన రోజున మొదలయింది. అంబాసిడర్ కూడా ఆ సమయంలోనే కలకత్తా పక్క ఉత్తర్‌పారాలో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్‌లో పుట్టింది. అది ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా తయారై అక్కడ పాతబడిన నమూనా. ట్రబాంట్‌కు చిన్న రెండు సిలిండర్ల ఇంజను. స్కూటరుకు పోసినట్టు పెట్రోల్లో నూనె కలిపి పోయాలి. ఉక్కు కరువు వల్ల ఒళ్ళంతా దూది వ్యర్థమూ రెజినూ కలిపి అదిమిన పలకలతో చేశారు. 1964లో వచ్చిన 601 నమూనా పైకి పెద్దగా మారకుండా పాతికేళ్ళు పైగా నడిచింది. మన అంబాసిడర్ రూపం 2014 మేలో ఫ్యాక్టరీ మూతపడేదాకా ఎక్కడ ఉన్నది అక్కడే ఉన్నది. రెంటికీ ఎదురుచూపులే. తూర్పు జర్మనీలో పేరు రాయించుకుంటే కారు చేతికి రావడానికి పది పన్నెండేళ్ళు పట్టేది. మన దేశంలో కారుకూ వరసే, స్కూటరుకు అంతకన్నా పెద్ద వరస.

మరి ఒకదాన్ని చూసి లోకం నవ్వుతుంది. రెండోదాన్ని చూసి మనవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ట్రబాంట్ లోపాలన్నీ సోషలిజం లోపాలకింద జమ. అంబాసిడర్ లోపాలు మాత్రం ఎవరి ఖాతాలోనూ పడవు. దాని వెనక ఒక పెట్టుబడిదారీ సంస్థ ఉన్నదనీ, విదేశీ కార్ల దిగుమతి మూసేసి, కొత్తవాళ్ళకు లైసెన్సులు ఇవ్వకుండా ప్రభుత్వం ఆ సంస్థకు దశాబ్దాలపాటు గొడుగు పట్టిందనీ మరిచిపోతారు. 1955లో ఆవడిలో కాంగ్రెసు ‘సోషలిస్టు తరహా సమాజం’ అని తీర్మానం చేసింది కాబట్టి, గుర్తున్నవాళ్ళు కూడా ఆ పాపాన్ని సోషలిజం మీదికే నెడతారు. లాభం బిర్లాకు, నింద మార్క్సుకు!

మనవాళ్ళు వెంటనే ‘అదే మేమూ అంటున్నాం’ అనవచ్చు. కాస్త ఆగాలి. మన వైపు కూడా ఒక సాకు తయారుగా ఉంటుంది. తూర్పు జర్మనీ యుద్ధ నష్టపరిహారం చెల్లించింది, పాశ్చాత్యులు ఉక్కు ఇవ్వలేదు, కాబట్టి ఆ కారు అంతకన్నా బాగుండడం సాధ్యం కాదు అంటాం. ఇందులో అబద్ధం లేదు. అయితే జ్వికావ్ ఇంజనీర్లు 1960లలోనే కొత్త నమూనా తయారు చేశారు. దాన్ని 1968లో ఆపించింది పాశ్చాత్యులు కాదు, పైనున్న పార్టీ నాయకత్వం. కారు చేసే చేతులకు కారు ఎట్లా ఉండాలో చెప్పే అధికారం లేకపోయింది. ఆ అధికారం ఉత్తర్‌పారా కార్మికులకూ లేదు.

వరసను గురించి ఒక మాట చెప్పాలి. వరసను మనం సమానత్వమనుకున్నాం. ముందొచ్చినవాడికి ముందు, వెనకొచ్చినవాడికి వెనక. డబ్బున్నవాడు తోసుకుని ముందుకు రాలేడు. చెరకు కాలంలో ఫ్యాక్టరీ గేటు ముందు ఎడ్లబండ్ల వరస చూసినవాడికి ఈ వాదం అంత సులభంగా ఎక్కదు. వరసలో అందరూ సమానమే, కాని ఎండకు బరువు తగ్గేది బండిలో ఉన్న చెరకు. రెండు బండ్లవాడికి ఆ నష్టం తినే తిండిలోంచి పోతుంది, యాభై బండ్లవాడికి తిరిగే తిరుగుడులోంచి పోతుంది. పైగా ప్రతి వరసకూ ఒక దొడ్డిదారి ఉంటుంది. తూర్పు జర్మనీలో పశ్చిమాన చుట్టాలున్నవాడు వారి చేత పశ్చిమ మార్కులు కట్టించి వరస దాటి కారు తెచ్చుకునే ఏర్పాటు ప్రభుత్వమే చేసింది. మన దేశంలో విదేశీ డబ్బు కట్టినవాడికి బజాజ్ స్కూటరు వెంటనే దొరికేది. రెండుచోట్లా వరస అనేది దొడ్డిదారి తెలియనివాళ్ళ కోసం.

అయినా వరసలో ఒక గొప్ప విషయం ఉన్నది. అది నాకు నవీపేట పోయాక గాని అర్థం కాలేదు.

తాత కారును ఇరవై రెండేళ్ళు నడిపిన డ్రైవరు ఇంకా నవీపేటలోనే ఉన్నాడు. మేము ఆయన్ని చాచా అంటాం. శనివారం వెళ్ళాను, తెలివితక్కువగా. శనివారం నవీపేటలో మేకల సంత. నిజామాబాదు నుండి బాసరకు పోయే రోడ్డు మీద మేకలూ, గొర్రెలూ, వాటిని ఎక్కించే బళ్ళూ తప్ప మనుషులకు చోటుండదు. సంత దాటి చాచా ఇల్లు చేరేటప్పటికి మధ్యాహ్నమైంది.

‘‘కారు కథ రాస్తున్న చాచా. నువ్వే చెప్పాలె.’’

‘‘నేనేం చెప్త బిడ్డా. కారు తాతది. నేను తోలిన, గంతే.’’

కాని చెప్పాడు. రెండుసార్లు ఇంజను దించిన సంగతి చెప్పాడు. సామాను దొరకనప్పుడు వేరే బండి సామాను సానపెట్టి అమర్చిన సంగతి చెప్పాడు. బ్రేకులు సరిగా పడని కాలంలో గేరుతోనే బండిని ఎట్లా అదుపు చేసేవాడో చేత్తో చూపించాడు. రాత్రి రెండు గంటలకు లేపినా లేచి ఆసుపత్రికి పోయిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. వాటికి వేరే జీతం లేదు. మా ఇంట్లో చెప్పే కథలో తాత ఊరిజనాన్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. తాత ఆ రాత్రుల్లో చాలావరకు నిద్రపోతున్నాడని ఆ పూట తెలిసింది. మా ఇంట్లో ఆ కారు ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలు పద్నాలుగు ఉన్నాయి. ఒక్కదాంట్లో చాచా మోచెయ్యి కనబడుతుంది.

‘‘ఊళ్ళె పెండ్లిపిల్లలందరు దాంట్లనే పోయిన్రట గద చాచా?’’

‘‘పోయిన్రు. నేనే తోలిన.’’ కొంచెం ఆగి అన్నాడు: ‘‘మా బిడ్డ బస్సుల పోయింది.’’

‘‘తాత ఇయ్యనన్నడా?’’

‘‘అడుగలేదు.’’

‘‘ఎందుకు?’’

‘‘అడిగితే ఇస్తడు. గందుకే అడుగలేదు.’’

ఈ జవాబులో తర్కం లేదనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఆలోచిస్తే, తర్కమంతా అందులోనే ఉన్నదనిపించింది. తాత ఇచ్చేవాడే. మంచివాడు. కాని ఇవ్వగలిగినవాడికి ఇవ్వకపోవడం కూడా చేతనవును. ఆ రెండో శక్తి వాడకపోయినా ఉంటుంది, వాడకుండా ఉండడం వల్లనే దానికి గౌరవం పెరుగుతుంది. దయ అనేది ఇదే. కారెక్కి వచ్చినవాడు మరునాడు తాత కనబడితే భుజం మీది తువ్వాలు తీసి చేతపట్టుకుంటాడు. చెరకు కొట్టే రోజులొస్తే ఆ ఇంటి మనుషులు ముందు మా పొలంలో దిగుతారు. కూలి తక్కువ ఇచ్చామని నేననడం లేదు, అందరితో సమానంగానే ఇచ్చామంటారు. కాని ముందు మా పొలమే. ఆలస్యమైతే చెరకు ఎండుతుంది గదా. తాత కిరాయి తీసుకోలేదన్నది నిజం. తీసుకోలేదు కాబట్టే ఎవరి బాకీ తీరలేదు.

విద్యార్థులకు నేను ఒక విభజన చెబుతూ వచ్చాను. 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలోనే ఉన్నది అది: మనిషి సొంతంగా వాడుకునే వస్తువులు వేరు, ఇతరుల శ్రమ మీద పెత్తనం ఇచ్చే ఆస్తి వేరు, కమ్యూనిస్టులు పోగొట్టాలనేది రెండోదాన్ని. కుర్చీ, పుస్తకం, సైకిలు మొదటిరకం. పొలం, ఫ్యాక్టరీ రెండోరకం. పరీక్షలో రాయడానికి చాలా శుభ్రంగా ఉంటుంది. తాత కారు ఏ గదిలో పడుతుంది? అది ఏమీ ఉత్పత్తి చేయలేదు. కిరాయికి తిరగలేదు. అయినా మా పొలంలో చెరకు సకాలంలో కొట్టించింది. ఊళ్ళో ఒకే ఒక కారు ఉన్నప్పుడు అది సొంత వస్తువుగా మిగలదు. లేనితనం దానికి పెత్తనం అంటగడుతుంది. అదే కారు ఇంటింటికీ ఉంటే ఆ పెత్తనం దానంతట అదే రాలిపోయేది.

దీనికి ఎదురువాదం ఉన్నదని నాకు తెలుసు. మా కాలేజీలోనే ఒక మిత్రుడు అన్నాడు: ‘పాము కరిచినవాడికి నీ దయా హక్కూ ఎందుకయ్యా? బండి కావాలి. మీ తాత బండి లేకపోతే వాడు చచ్చేవాడు గదా!’ నిజమే. బతికినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పిల్లలు నాతో చదువుకున్నారు. కృతజ్ఞత నీచమైన గుణం అని కూడా నేననను. కాని కృతజ్ఞత చూపడానికి మనిషికి నిటారుగా నిలబడే చోటు ఉండాలి. ఒక ఊళ్ళో ప్రాణం దక్కడానికి ఉన్న దారి ఒక ఇంటి గేటులోంచే పోతున్నదంటే, ఆ ఇంటి మంచితనాన్ని పొగడడం ఒక పనే గాని, అంతకన్నా ముందు అడగవలసింది రెండో దారి ఎందుకు లేదని.

వరసలో ఉన్న గొప్ప విషయం అన్నానే, అది ఇక్కడ ఉన్నది. జ్వికావ్ కారు కోసం పన్నెండేళ్ళు చూసినవాడి దగ్గర ఒక కాగితం ఉండేది. ఆ కాగితం ఎవరి మంచితనం మీదా ఆధారపడదు. ఎవరికీ తువ్వాలు తియ్యనక్కర లేదు. దొడ్డిదారి తెరిచిన రోజున ఆ కాగితం విలువ పోయింది. హక్కు మళ్ళీ దయగా మారింది, ఈసారి దయ చూపేది ఆఫీసు. ఆ కారు నాసిరకమని నవ్వేవాళ్ళు నవ్వవలసింది దాన్ని చూసి కాదు. మాట ఇచ్చి తప్పిన ఆ కాగితాన్ని చూసి బాధపడాలి.

‘అందరిదీ’ అన్న మాటకు మా దగ్గరే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉన్నది. బోధన్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలో పెద్దదని పేరుపడినది, దశాబ్దాలపాటు ప్రభుత్వ రంగంలో నడిచింది. 2002లో అందులో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. అమ్మేటప్పుడు కార్మికుడి సంతకం గాని చెరకు రైతు సంతకం గాని అవసరం రాలేదు. అందరిదీ అయిన వస్తువును అమ్మడానికి అందరి సంతకాలూ అక్కరలేకపోతే, అది మా తాత కారు ఊరందరిదైనట్టే అందరిదీ అన్నమాట.

ఈ మాటలన్నీ విని మనలో కొందరు సుందరయ్యగారి పేరెత్తుతారు. పార్లమెంటు సభ్యుడై ఉండి సైకిలు మీద పార్లమెంటుకు పోయిన మనిషి, ఆస్తి వదులుకున్న మనిషి. ఆ పేరు విన్నప్పుడు నాకూ తల వంగుతుంది. కాని త్యాగం ఒక మనిషి సమస్యను తీరుస్తుంది. మా తాత కారు కొనకుండా సైకిలు మీద తిరిగివుంటే ఆయన ఆత్మ పరిశుభ్రంగా ఉండేదేమో గాని, పాము కరిచినవాడు చచ్చేవాడు. ఆ సైకిలు ఒక మనిషి ఎంత నిజాయితీగా బతికాడో చెబుతుంది. చాచా కూతురు ఏ బండిలో అత్తవారింటికి పోవాలో చెప్పదు.

ఆమె బస్సులో పోయింది. నాకు మొదట అది దీనంగా తోచింది. ఇప్పుడు తోచడం లేదు. టిక్కెట్టు కొన్న నిమిషంలో బస్సుతో బాకీ తీరిపోతుంది. కండక్టరుకు రేపు కనబడి నమస్కారం పెట్టనక్కర లేదు. నిజాం రైల్వేవారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా 1958 జనవరి 11న ఆర్టీసీ అయింది. పుట్టుక చూస్తే రాచరికపు బస్సే. అయినా తెలంగాణ పల్లెలో ఎవరిదీ కానిచోట ఎవరి పక్కనైనా కూర్చోగల సీటు అదొక్కటే చాలాకాలం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆ సీటు డబ్బు లేకుండానే దొరుకుతున్నది. కండక్టరు సున్నా టిక్కెట్టు చింపి చేతికిస్తాడు. ఆ సున్నా దయా, హక్కా? నేను ఎక్కిన నవీపేట బస్సులో ఒక ముసలమ్మ మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని, సీటు దగ్గర గట్టిగా పోట్లాడుతున్నది. దయ పొందినవాళ్ళు అట్లా పోట్లాడరు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

మళ్ళీ అట్ట దగ్గరికి వస్తాను. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతబళ్ళకు నిబంధనలు చేసింది. మొదటిసారి రిజిస్టరై యాభయ్యేళ్ళు దాటి, చాసిస్సూ, ఇంజనూ, పైకట్టూ పెద్దగా మార్చకుండా ఉన్న బండిని వింటేజి కింద నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. ఆపైన ఆ బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఎవరికి నొప్పులొచ్చినా అది కదలడానికి వీల్లేదు. పనికొచ్చినంతకాలం దానికి చరిత్ర లేదు, చరిత్ర వచ్చాక పని చెయ్యకూడదు! మా అన్న దీనికి సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇంజను మార్చలేదని రుజువు చేయడమే ఇప్పుడతని చింత.

ఇంజను మారకుండా యాభయ్యేళ్ళు నిలబడిందంటే నిలబెట్టినవాళ్ళు ఉన్నారని అతనికి రాశాను. అట్ట మీద శీర్షిక తీసేశాను. తాత కొన్న సంవత్సరం ఒక వాక్యం, చాచా నడిపిన ఇరవై రెండేళ్ళు నాలుగు వాక్యాలు, ఉత్తర్‌పారాను గురించి రెండు, చాచా కూతురి పెళ్ళి గురించి ఒకటి. అతను ఫోన్ చేసి, మిగతావి ఉంచుదాం గాని చివరిది మన ఇంటి పరువుకు సంబంధించినది, ఆలోచించు అన్నాడు. ఆలోచిస్తున్నాను. ఆ వాక్యం తీయడానికి నాకు మనసొప్పడం లేదు. అడగకుండా ఉంచుకున్న మాటను అట్ట మీద పెట్టే అధికారం నాకెక్కడిదన్న అనుమానం కూడా ఉన్నది.

అందుకని చాచాకే ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. పెళ్ళి సంగతి వచ్చినప్పుడు ఏమీ అనలేదు. అంతా అయ్యాక, ‘‘నా పేరెందుకు బిడ్డా అన్నిసార్లు? బోధన్ల ఇంజన్ దించినోడు ఉండె, ఆయన పేరు రాయి. గాయన లేకుంటె బండి ఎనకటికే తుక్కు’’ అన్నాడు.

పేరేమిటని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. ఒక కన్ను మెల్ల అన్నాడు. బస్టాండు వెనక చిన్న షెడ్డు అన్నాడు. మనిషి ఎప్పుడో పోయాడట. పేరు మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.